సీబ్‌లో నేను కీపర్‌నైన వైనం

ఆ రోజుల్లో గల్ఫ్‌కు పోయి వచ్చినవాళ్ల దగ్గర ఊళ్లో వినిపించడానికి రెండే రెండు కథలుండేవి. ఒకటి ఎండ కథ, రెండోది అర్బాబ్ కథ. ఎండ కథలో ఇనుప చువ్వ ముట్టుకుంటే అరచేతి తోలు దానికే అంటుకుపోతుంది. అర్బాబ్ కథలో మొదట కోపిష్టిగా ఉన్న యజమాని చివరికి ఖర్జూరాల పెట్టె చేతికిచ్చి పంపిస్తాడు. నా దగ్గర మాత్రం మూడో కథ ఒకటుంది. అది మొదలుపెడితే మా ఇంట్లోవాళ్లు ఏదో పని గుర్తొచ్చినట్టు ఒక్కొక్కరే లేచిపోతారు (అందరికన్నా ముందు మా ఆవిడ) కాబట్టి, లేచిపోవడానికి మొహమాటపడే మీకు చెబుతున్నాను. ఇంగ్లండులో పెద్ద ఆట ఆడివచ్చిన ఒక వికెట్‌కీపర్ నన్ను వికెట్‌కీపర్‌ను చేసిన కథ ఇది. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకుంటారేమో. అవును, గొప్పే చెప్పుకుంటున్నాను.

తొంభైల మొదట్లో, ఇరవై రెండేళ్ల వయసులో, జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వెళ్లి ఒమన్‌లోని సీబ్‌లో పడ్డాను. విమానాశ్రయానికి ఇవతల అప్పుడప్పుడే విల్లాలు మొలుస్తున్న కాలం. ఒక వరస పూర్తికాకముందే పక్కన ఇంకో వరసకు ముగ్గు పోసేవారు. మా కంపెనీలో పరంజా కట్టే గ్యాంగులో నేనొకణ్ని. ఇనుప పైపులను ఒకదానికొకటి బిగించే క్లాంపులు కింద కుప్పగా ఉండేవి. వాటిని బకెట్లో వేసి తాడుతో పైకి లాగాలన్నది రూలు. తాడూ బకెట్టూ అంటే ఆలస్యం. అందుకని నా రూమ్‌మేటు (మా ఊరివాడే, వరసకు మామ) కింది నుంచి క్లాంపు విసిరేవాడు, నేను రెండంతస్తుల ఎత్తున ఒక చేత్తో పైపు పట్టుకుని రెండో చేత్తో దాన్ని అందుకునేవాణ్ని. ఆ ఇనుప ముద్ద ఎటు తిరుగుతూ వచ్చినా నా చెయ్యి అక్కడ ఉండేది. అదొక విద్య అని నాకు తెలియదు. బకెట్ కన్నా నేనే నయమని మాత్రం తెలుసు.

మా సైట్‌కంతటికీ పెద్ద ఒక ఇంగ్లీషాయన. యాభై దాటిన మనిషి, ఎర్రటి మొహం, మోకాళ్ల దాకా మేజోళ్లు. ఆయన పేరు మాకు నోరు తిరిగేది కాదు కాబట్టి వంకరవేళ్ల సారు అనేవాళ్లం. కుడిచేతి చిటికెన వేలు ఒంటె మెడలా పక్కకు తిరిగి ఉండేది. ఎడమచేతి ఉంగరం వేలు ఎప్పుడూ ఎవరినో రమ్మంటున్నట్టు వంగి ఉండేది. (కొత్తలో ఆ వేలు చూసి నన్నే పిలుస్తున్నాడనుకుని రెండుసార్లు పరుగెత్తాను.) ఆ వేళ్లు అలా ఎందుకయ్యాయన్నదాని మీద క్యాంపులో రకరకాల వాదాలుండేవి. లారీ తలుపులో పడ్డాయని కొందరు, చిన్నప్పుడు పంతులు బెత్తంతో కొట్టాడని కొందరు.

ఒకరోజు పొద్దున నేను అలా క్లాంపులు పడుతుంటే కింద నుంచి "స్టాప్!" అని ఒక కేక వినిపించింది. చూస్తే వంకరవేళ్ల సారు. మామ చేతిలోని క్లాంపును వెనక దాచుకున్నాడు (రెండు కిలోల ఇనుమును వెనక దాచుకున్నా ఎవరికైనా తెలుస్తుంది). ఇంతలో మా ఫోర్‌మన్ చిచ్చా రొప్పుతూ వచ్చాడు. చిచ్చాది హైదరాబాదు పాతబస్తీ. ఇంగ్లీషు, అరబీ, ఉర్దూ, తెలుగు నాలుగూ తెలిసిన ఏకైక మనిషని ఆయనకు సైట్‌లో పేరు. నాలుగూ సగం సగమే వచ్చునని, మిగతా సగం ఆయన సొంతంగా కల్పిస్తాడని మాకు తరవాత తెలిసింది.

"దిగురా కిందికి. నీ పని ఖల్లాస్ బేటా! సేఫ్టీ రూల్ తప్పినవ్. ఇగ పాస్‌పోర్టు చేతిలో పెట్టి ఇంటికి తోల్తడు," అన్నాడు చిచ్చా.

దిగాను. వచ్చి ఎనిమిది నెలలైనా కాలేదు. సారు నా రెండు చేతులూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి, వేళ్లన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాడు, సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు. తరవాత జేబులోంచి ఒక కమలాపండు తీసి నాలుగడుగులు నడిచి, ఉన్నట్టుండి వెనక్కి తిరిగి నా మీదికి విసిరాడు. పట్టాను. ఎడమవైపు చాలా దూరంగా ఇంకొకటి విసిరాడు. అదీ పట్టాను. ఇక విసరడానికి పళ్లు లేక చిచ్చాతో ఏదో అన్నాడు.

"సాబ్ అడుగుతున్నడు, నువ్వెప్పుడన్న కీపింగ్ చేసినవా అని."

"ఏం కీపింగ్ చిచ్చా? నేను స్టోర్‌ల చెయ్యలే, టైమాఫీసుల చెయ్యలే."

"అరే అది కాదురా! క్రికెట్‌ల!"

"చిర్రగోనె ఆడిన. క్రికెట్ టీవీల జూసిన."

చిచ్చా నా బిళ్లంగోడు ముచ్చటను ఇంగ్లీషులో చాలా పొడుగ్గా చెప్పాడు. సారు మొహం వెలిగిపోయింది. (నేను మా జిల్లా జట్టుకు ఆడినవాణ్నని చిచ్చా చెప్పినట్టు నెల తరవాత బయటపడింది. అడిగితే, "నీ నౌక్రీ కాపాడిన, ఇంకేం కావాలె?" అన్నాడు.) ఆ సాయంత్రం నాకు రెండు కాగితాలు అందాయి. ఒకటి క్లాంపులు విసిరి పట్టుకున్నందుకు హెచ్చరిక. రెండోది శుక్రవారం పొద్దున ఆరింటికి మైదానానికి రమ్మని. రెండూ శిక్షలే అనుకుని సంతకాలు పెట్టాను.

మైదానమంటే పచ్చగడ్డి అనుకోకండి. వానలొస్తే నీళ్లు పారే వాదీ పక్కన చదును చేసిన గులకరాళ్ల నేల. మధ్యలో సిమెంటు పట్టీ, దాని మీద పరిచిన చాప, చుట్టూ సున్నంతో గీసిన గీత, వెనక బోడికొండలు. మా కంపెనీ జట్టుకు సారే కెప్టెన్. ఈ వయసులో వంగలేక వికెట్‌కీపింగ్ మానేసి, పక్కన స్లిప్పులో నిలబడేవాడు. ఆయన మానేశాక ఆ పని చేస్తున్నది మా టైమ్‌కీపర్. బంతి వచ్చినప్పుడు కళ్లు మూసుకోవడం ఆయన అలవాటు. దాంతో నన్ను కూర్చోబెట్టారు. నేను గొంతుక్కూర్చున్న తీరు చూసి సారు చప్పట్లు కొట్టాడు. ఇంగ్లీషు కుర్రాళ్లకు ఆ కూర్చోవడం రావడానికి ఏళ్లు పడుతుందట. (మా ఊళ్లో ఆ విద్య ప్రతి ఉదయం చెంబుతో సహా అభ్యసించేవాళ్లం.)

చిక్కు ఒక్కటే. సారు చెప్పేది నాకు అర్థం కాదు. అందుకని ఆయన ఒక ఉపాయం చేశాడు. తాను మొదటి స్లిప్పులో నిలబడి, రెండో స్లిప్పులో చిచ్చాను నిలబెట్టాడు. చిచ్చా జన్మలో బంతి పట్టినవాడు కాదు. అక్కడ ఆయన పని అనువాదం. సారు ఇంగ్లీషులో అనేవాడు, చిచ్చా తెలుగులో అరిచేవాడు, నేను "సరే సార్" అనేవాణ్ని. అప్పటికి బంతి వెళ్లిపోయేది. స్లిప్పులో దుబాసీని పెట్టుకుని ఆడిన జట్టు ఒమన్ మొత్తం మీద మాదొక్కటే అయి ఉంటుంది.

నా మొదటి మ్యాచి సంగతి చెప్పి తీరాలి. మూడో ఓవర్లో బంతి బ్యాటు అంచుకు తగిలి నా కుడివైపుకు దూసుకొచ్చింది. దూకి పట్టాను. టిక్కుమన్న చప్పుడు నాకు, బ్యాటు పట్టినవాడికి, బహుశా కొండ మీది మేకలకు కూడా వినిపించింది. అంత స్పష్టంగా కనబడుతుంటే ఇంకా మాట్లాడేదేముంది అనుకుని బంతిని మర్యాదగా బౌలర్‌కు విసిరి, మళ్లీ కూర్చున్నాను. నేనే అరుస్తానని మావాళ్లంతా నావైపు చూస్తున్నారు. అంపైర్ ఆకాశం వైపు చూస్తున్నాడు. బ్యాటు పట్టినవాడు ఏ పాపం ఎరగనట్టు చాప మీది దుమ్ము దులుపుతున్నాడు. ఈలోగా తరవాతి బంతి పడిపోయింది.

చిచ్చా తల పట్టుకున్నాడు. "అరే పాగల్! అడగాలెరా! అడుగుతేనే ఇస్తడు అవుటు!"

"అంత కండ్ల ముంగట కనవడ్తుంటె అడుగుడేంది చిచ్చా?"

"అడగంది అమ్మయినా అన్నం పెడ్తదారా?"

ఆ సామెత నాకు బాగా తలకెక్కింది. ఆ తరవాత ప్రతి బంతికీ అడిగాను. బ్యాటుకు ఆమడ దూరంలో పోయిన బంతికీ, బాది బౌండరీ దాటించిన బంతికీ కూడా "హౌజట్!" అని చేతులెత్తి అరిచాను. చివరికి అంపైర్ దండం పెట్టాడు. సారు నవ్వి నవ్వి ఆ గులకరాళ్ల మీదే కూలబడ్డాడు. మేం ఓడిపోయాం, కానీ నన్ను తీసెయ్యలేదు.

ఆ వారమే ఇంటికి ఉత్తరం రాశాను, "నన్ను ఇక్కడ కీపర్ చేసిండ్రు" అని. మా నాయన ఊరంతా తిరిగి కొడుక్కు పదోన్నతి వచ్చిందని చెప్పుకున్నాడు. జవాబు కూడా రాయించాడు. "కీపర్ పని నమ్మకమైన పని. వికెట్లు అంటే ఏం సామానో మాకు తెల్వదు గని, లెక్కబెట్టి తాళమేసుకో. ఎవన్నీ నమ్మకు." ఆ ఉత్తరాన్ని చిచ్చా సారుకు అనువదించి చెప్పాడు. సారు కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "వికెట్‌కీపింగ్ గురించి ఇంతకన్నా మంచి సలహా నాకు ఎవరూ ఇవ్వలేదు," అన్నాడట.

అప్పటినుంచి డ్యూటీ అయ్యాక రోజూ గంటసేపు ప్రహరీగోడ దగ్గర సాధన. తడిపిన టెన్నిస్ బంతిని ఆయన గోడకేసి కొట్టేవాడు, నేను పట్టేవాణ్ని. నా తప్పల్లా తొందర. బంతి వికెట్ల దాకా రాకముందే చేతులు చాచేవాణ్ని. క్లాంపులు అలాగే పట్టాలి మరి, ఆగితే నెత్తి మీద పడతాయి! ఆయన మాత్రం ప్రతిసారీ "వెయిట్, వెయిట్" అనేవాడు. చిచ్చా దాన్ని "బరువు, బరువు" అని అనువదించాడు. వారం రోజులు నేను బరువు తగ్గాలో పెరగాలో తెలియక తికమకపడ్డాను.

ఒక శుక్రవారం ఆట అయ్యాక నీళ్ల ట్యాంకర్ నీడలో కూర్చుని ఉంటే, ఆ వేళ్ల సంగతి ధైర్యంగా అడిగేశాను. సారు తన కథ చెప్పాడు. చిచ్చా అనువాదంలో అది మాకు ఇలా చేరింది. "సాబ్ ఇంగ్లండ్‌ల జిల్లా టీమ్‌కు ఆడిండు. ఫస్ట్‌క్లాస్‌ల పాసైండు." ఫస్ట్‌క్లాస్ అంటే మార్కులు కాదని, అక్కడి పెద్ద పోటీలనే అలా అంటారని తరవాత తెలిసింది. పంతొమ్మిదేళ్లకు ఆ జట్టులో చేరాడట, కానీ రెండో కీపర్‌గా. ("సవతి లెక్క," అన్నాడు చిచ్చా. ఆ ఒక్క అనువాదం మాత్రం అద్భుతంగా కుదిరింది.) మొదటి కీపర్ ఉక్కులాంటి మనిషి. జ్వరం రాదు, దెబ్బ తగలదు. మా సారు గ్లౌజులు సిద్ధంగా పెట్టుకుని మూడేళ్లు మంచినీళ్లు అందించాడు. ఒక వేసవిలో ఆ మొదటి కీపర్ బొటనవేలు విరిగింది. అప్పుడు మా సారు లోపలికి వెళ్లాడు. తనకూ వేళ్లు విరిగాయి, కానీ చెబితే మళ్లీ బయట కూర్చోబెడతారని చెప్పలేదు. గ్లౌజుల లోపల టేపు చుట్టుకుని ఆ రెండు నెలలూ ఆడాడు. అందుకే అవి సరిగ్గా అతకలేదు. అప్పట్లో దేశమంతా కొలిచే ఒక బ్యాట్స్‌మన్‌ను వికెట్ల దగ్గర నిలబడి స్టంపింగ్ చేశాడట. ఆ సంగతి చెబుతూ నేల మీద గీత గీసి, అతని కాలు ఎక్కడుందో, బెయిల్ ఎటు ఎగిరిందో చూపించాడు. వేసవి అయిపోయింది, మొదటివాడి బొటనవేలు అతికింది, మా సారు మళ్లీ మంచినీళ్లకు పోయాడు. ఇంకొన్నేళ్లు అలా ఎప్పుడైనా ఒకటీ అరా ఆడి, ఇంజనీరింగ్ చదువుకుని ఎడారికి వచ్చేశాడు.

"మనసుకు బాధ కాలేదా సారూ?" అని అడిగాను.

చిచ్చా ఈసారి కల్పించకుండా చెప్పాడు. "సాబ్ అంటున్నడు, మైదానంల అందరికన్న మంచి జాగ కీపర్‌దే. ఆట మొత్తం వాన్ని జూసుకుంటనే వస్తది. ఒక్క ఎండకాలమైనా ఆడ కూసున్న, చాలు అంటున్నడు."

ఆ మాట తరవాత నేను గ్లౌజులు వేసుకునే తీరే మారిపోయింది.

ఆ ఏడు చలికాలంలో మా జట్టు కంపెనీల పోటీలో ఫైనల్‌కు చేరింది. అప్పటికే సారు పదవీ విరమణ కాగితాలు వచ్చేశాయి. మరుసటి నెల ఇంగ్లండు ప్రయాణం. ఒమన్‌లో ఇన్నేళ్లుగా ఆయన జట్టు ఒక్క కప్పూ గెలవలేదు.

మేము ముందు బ్యాటింగ్ చేసి ఏదో కొట్టాం. (నేను సున్నా. దాని గురించి ఇంతకు మించి చెప్పను.) తరవాత మేం ఫీల్డింగ్‌కు దిగాం. రెండో ఓవర్లోనే ఒక బంతి బ్యాటు అంచుకు తగిలి నేరుగా వెళ్లి చిచ్చా మోకాలికి తగిలింది. "యా అల్లా!" అని నాలుగు భాషల్లోనూ అర్థమయ్యే ఒక కేక పెట్టాడు. నలుగురు మోసుకెళ్లి బయట కుర్చీలో కూర్చోబెట్టారు. రెండో స్లిప్పు ఖాళీ అయింది. సారు, నేను మిగిలాం. మా ఇద్దరి మధ్యా ఒక్క భాష లేదు.

ఆట చివరికి వచ్చేసరికి వాళ్లకు ఒకే వికెట్ మిగిలింది. గెలవడానికి ఒక్క మంచి దెబ్బ చాలు. క్రీజులో ఉన్నది మీసాల బ్యాట్స్‌మన్ ఒకడు, అప్పటికే మావాళ్ల బంతులు మూడు వాదీలోకి పంపినవాడు. సారు మా స్టోర్‌కీపర్‌కు బంతి ఇచ్చాడు. స్టోర్‌కీపర్ మలబారీ మనిషి. ఆయన బంతిని గాలిలో తేలిపోయేలా, సామాను ఇచ్చినంత నెమ్మదిగా వేసేవాడు. నేను వికెట్లకు దగ్గరగా వచ్చి కూర్చున్నాను. సారు నా పక్కకు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ వంకరవేళ్ల అరచేతిని నా మొహం ముందు నేలకు సమంగా పెట్టి, మెల్లగా కిందికి దించాడు. ఉడుకుతున్న అన్నం కింద మంట తగ్గించమన్నట్టు. నాకు అర్థమైంది. ఇన్నాళ్ల అనువాదంలో కానిది ఆ ఒక్క సైగలో అర్థమైంది.

బంతి తేలుతూ వచ్చింది. మీసాలాయన రెండడుగులు ముందుకు దూకి బ్యాటు ఊపాడు. బంతి చాప అంచుమీద పడి పక్కకు తిరిగి బ్యాటును తప్పించుకుంది. నా చేతులు ముందుకు ఉరకబోయాయి. ఆపాను. ప్రాణమంతా బిగబట్టి, అది వికెట్లు దాటి నా దగ్గరికి వచ్చేదాకా ఆగాను. గ్లౌజుల్లో పడింది. బెయిల్స్ ఎగరగొట్టాను. చూస్తే ఆయన కాలు గీతకు జానెడు బయట ఉంది.

ఇక అడగాలి. అడిగితేనే కదా! కానీ "హౌజట్" అన్న మాట నా బుర్రలోంచి ఎగిరిపోయింది. పక్కకు తిరిగి, లెగ్ వైపు నిలబడ్డ అంపైర్‌ను చూసి, ఊళ్లో పట్వారీని అడిగినంత వినయంగా, "అవుటా కాదా సారూ?" అన్నాను. అచ్చ తెలుగులో. ఆ అంపైర్ అవతలి కంపెనీవాడే. నల్లకళ్లద్దాలు పెట్టుకుని పొద్దుటి నుంచి ఒక్క ముక్క మాట్లాడనివాడు. నన్ను ఒక క్షణం చూసి, వేలు పైకెత్తి, గోదావరి యాసలో, "అవుటేనండీ బాబూ! శుభ్రంగా అవుటు!" అన్నాడు.

మీసాలాయన అతని రూమ్‌మేటట. "ఏందిరా, నీ మనిషిని నువ్వే..." అని వాళ్లవాళ్లు మీదికి వస్తే, "నేనేం జేత్తానండీ, ఆయన అంత మర్యాదగా అడిగాక అబద్ధం ఎలా చెబుతానండీ?" అన్నాడు. (ఆ మహానుభావుడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.)

తరవాత ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. చిచ్చా ఒంటికాలి మీద గెంతుతూ రావడం, మామ నన్ను ఎత్తుకోబోయి ఇద్దరం పడిపోవడం, ఏ జట్టు గెలిచిందో చివరిదాకా తెలియని మా అర్బాబ్ అందరికీ చేతులు కలపడం. బాగా గుర్తున్నది ఒక్కటి. సారు నన్ను లెక్కలు రాసే బల్ల దగ్గరికి తీసుకుపోయి, స్కోరు రాసేవాడితో ఏదో చెప్పాడు. అతను కలం ఎత్తి నన్ను పేరు అడిగాడు. కంపెనీలో నాకు హెల్మెట్ మీద ఉన్న నంబరే తప్ప పేరు లేదు. జీతం రోజు కూడా నంబరే పిలిచేవారు. ఇంటిపేరుతో సహా చెప్పాను. మీసాలాయన పేరు ఎదురుగా, స్టంపింగ్ చేసినవాడు ఫలానా అని ఇంగ్లీషులో రాశాడు. స్పెల్లింగు తప్పే. సారు ఆ గీత మీద తన వంకరవేలు పెట్టి చూపించి, తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆయన పేరు కూడా అలాగే ఎక్కడో ఒక పాత పుస్తకంలో, ఒక మహా బ్యాట్స్‌మన్ పేరు పక్కన ఉంది కదా. ఆ రోజు నేను ఎంత పొడుగయ్యానంటే, క్యాంపు రూమ్ గుమ్మం దగ్గర నిజంగానే తల వంచి లోపలికి వెళ్లాను.

నెల తరవాత సారును సాగనంపడానికి సీబ్ విమానాశ్రయానికి వెళ్లాం. చిచ్చా బండి పెట్టడానికి వెళ్లి చాలాసేపు రాలేదు. లోపలికి వెళ్లబోతూ సారు ఆగి, నావైపు తిరిగి, నా రెండు చేతులూ పట్టుకుని ఇంగ్లీషులో ఒక పొడుగాటి మాట చెప్పాడు. చివర్లో ప్రశ్నలాంటిది ఏదో ఉంది. ఒక్క ముక్కా అర్థం కాలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "యెస్ సార్, థాంక్యూ సార్," అన్నాను. ఆయన ఒకసారి నన్ను వింతగా చూసి, నవ్వి, వెళ్లిపోయాడు. మళ్లీ కలవలేదు.

ఆ మాట ఏమిటని నేను చాలా ఏళ్లు ఆలోచించాను. పాతికేళ్ల వయసులో, "నాకన్నా గొప్ప కీపర్‌వి అవుతావు" అన్నాడని నమ్మాను, నలుగురికీ చెప్పాను కూడా. నలభైల్లో, "ఒంట్లో జాగ్రత్త, ఇంటికి తొందరగా పో" అని ఉంటాడనిపించింది. ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డాక, కాస్త ఇంగ్లీషు కూడా వచ్చాక, ఆ పెదవుల కదలిక గుర్తు తెచ్చుకుంటే, పాపం ఆ పెద్దమనిషి లోపలికి దారి ఎటువైపని అడిగాడేమో అనిపిస్తుంది. అయినా ఆ కుర్రవాడి కళ్లనీళ్లు అబద్ధం కావు కాబట్టి, ఇంట్లో ఎవరైనా అడిగితే మాత్రం పాతికేళ్ల వయసునాటి జవాబే చెబుతుంటాను.